బ్రౌజర్ ఎవరి మాట వింటుంది?

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన తొలి వెబ్‌సైట్‌ను ఇవాళ కూడా చూడవచ్చు. 2013లో సెర్న్ వాళ్లు దాని 1992 నాటి ప్రతిని పాత చిరునామాలోనే మళ్లీ పెట్టారు. తాజా క్రోమ్‌లో తెరవండి, ఫైర్‌ఫాక్స్‌లో తెరవండి, చేతిలోని ఫోన్‌లో తెరవండి. ప్రతి వాక్యం చదవగలిగేలా వస్తుంది, లింకు నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది. ఆ రోజుల్లో ఏ వర్డ్ ప్రాసెసర్‌లోనో దాచిన ఫైలును ఇప్పుడు తెరవాలంటే ముందు ఆ ప్రోగ్రాం ఎక్కడైనా దొరుకుతుందా అని వెతుక్కోవాలి. వెబ్ పేజీకి ఆ గతి పట్టలేదు. దానికి కారణమైన యంత్రం బ్రౌజర్. ఈ ముప్పై ఏళ్లకు పైబడిన జీవితంలో అది చావు దాకా కూడా వెళ్లి వచ్చింది. వెబ్ పేజీలు రాసి బతికేవాణ్ని కాబట్టి ఆ కథ నాకు వృత్తి చరిత్ర కూడా.

బెర్నర్స్-లీ 1989 మార్చిలో ప్రతిపాదన పెట్టి, 1990 చివరికల్లా నెక్స్ట్ అనే కంప్యూటర్ మీద తొలి బ్రౌజర్ రాశాడు. దాని పేరు వరల్డ్‌వైడ్‌వెబ్. అందులో పేజీ చదవడమే కాదు, అక్కడే దిద్దనూ వచ్చు. అయితే నెక్స్ట్ కంప్యూటర్లు చాలా కొద్దిమంది దగ్గరే ఉండేవి. అందుకని నికోలా పెల్లో అనే విద్యార్థిని, ఎంత పాత టెర్మినల్ మీదైనా ఉత్త అక్షరాలతో పేజీ చూపించే మరో బ్రౌజర్ రాసింది. రెండు బ్రౌజర్లకూ రూపంలో పోలిక లేదు, చదివే పేజీ మాత్రం ఒకటే. పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో మొదటి నుంచీ ఒక నియమం ఉంది: నీకు తెలియని ట్యాగ్ ఎదురైతే ఆగిపోవద్దు, దాన్ని వదిలేసి లోపలి మాటలు చూపించు. కొత్త పేజీ పాత బ్రౌజర్‌లో కొంతైనా కనబడడానికీ, పాత పేజీ కొత్త బ్రౌజర్‌లో చెక్కుచెదరకుండా ఉండడానికీ ఈ నియమమే ఆధారం.

రెండో ఆధారం చట్టానికి సంబంధించినది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్ సాఫ్ట్‌వేర్ మీద తన హక్కులు వదులుకుంటున్నట్టు పత్రం రాసిచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, రుసుం కట్టక్కర్లేదు. వెబ్‌కు అప్పట్లో గట్టి పోటీగా ఉన్నది మినెసోటా విశ్వవిద్యాలయం వారి గోఫర్. అదే ఏడాది ఆ విశ్వవిద్యాలయం కొన్ని రకాల వాడకానికి గోఫర్ సర్వర్ మీద లైసెన్సు రుసుం వసూలు చేస్తామంది. చాలామంది డెవలపర్లు గోఫర్‌ను వదిలి వెబ్ వైపు వచ్చారు. వెబ్ గెలుపులో సాంకేతిక గొప్పతనం కన్నా ఆ ఏప్రిల్ పత్రం వాటాయే ఎక్కువని నా నమ్మకం.

అదే 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా కలిసి మొజాయిక్ బ్రౌజర్ తెచ్చారు. పేజీలో బొమ్మ పెట్టడానికి ఇమేజ్ ట్యాగ్ ఉంటే బాగుంటుందని ఆండ్రీసన్ ఫిబ్రవరిలో ప్రతిపాదించాడు. ఇంకొందరు వేరే పద్ధతులు సూచించారు. బొమ్మలకే పరిమితం కాకుండా దేన్నైనా పేజీలోకి చేర్చే సాధారణమైన ఏర్పాటు కావాలన్నారు. చర్చ తేలకముందే మొజాయిక్ ఆ ట్యాగ్‌తో జనంలోకి వెళ్లిపోయింది. ఇవాళ్టికీ ప్రతి పేజీలో ఆ ట్యాగే వాడుతున్నాం. ముందు విడుదల చెయ్యడం, ఒప్పందం సంగతి తర్వాత చూసుకోవడం అనే అలవాటు అక్కడ మొదలైంది. దానివల్ల వెబ్ వేగంగా పెరిగిన మాట నిజం. ఆ అలవాటుకు మూల్యం ఎంతో తర్వాతి పదేళ్లలో తెలిసింది.

1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటర్ వచ్చింది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో రంగంలోకి దిగింది. మధ్యలో, 1995 మేలో, నెట్‌స్కేప్ ఉద్యోగి బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ప్రోగ్రామింగ్ భాష అయిన జావాస్క్రిప్ట్ తొలి రూపం రాశాడు. ప్రతి విడుదలలోనూ రెండు కంపెనీలూ ఎదుటివాడి దగ్గర లేని ట్యాగ్ ఒకటి చేర్చేవి. ఈ పేజీ ఫలానా బ్రౌజర్‌లో చూస్తేనే బాగుంటుంది అని చెప్పే బిళ్లలు సైట్ల అడుగున వెలిశాయి. ఇలాంటి గొడవ ముదరకుండా చూడాలనే అంతకుముందే బెర్నర్స్-లీ 1994 అక్టోబరులో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డబ్ల్యూ త్రీ సీ అనే ప్రమాణాల సంస్థ స్థాపించాడు. అదే నెలలో హోకున్ వియుమ్ లీ పేజీ రూపురేఖల కోసం సీఎస్ఎస్ అనే భాషను ప్రతిపాదించాడు. దాని మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వెలువడింది.

ప్రమాణం అంటే ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే సీఎస్ఎస్‌లో అన్నిటికన్నా చిన్న విషయమైన పెట్టె వెడల్పును చూస్తే చాలు. పేజీలో ప్రతి పేరా, ప్రతి బొమ్మ బ్రౌజర్ లెక్కలో ఒక దీర్ఘచతురస్రం. లోపల విషయం, దాని చుట్టూ ఖాళీ, ఆ ఖాళీ చుట్టూ గీత. వెడల్పు 100 పిక్సెళ్లు, రెండు పక్కలా 20 చొప్పున ఖాళీ, 5 చొప్పున గీత అని రాశామనుకోండి. ప్రమాణం ప్రకారం 100 అనేది లోపలి విషయానికే చెందుతుంది కాబట్టి పెట్టె మొత్తం 150 వస్తుంది. విండోస్ మీది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం గీతతో కలిపి మొత్తమే 100 అనుకునేది. విషయానికి మిగిలేది 50. బట్టల కొట్లో ఒకరి మూర ఒకలా, పక్క కొట్టువాడి మూర ఇంకోలా ఉన్నట్టు, ఒకే రాత ఒక చోట సరిపోయి ఇంకో చోట పక్క గడిలోకి పొంగిపోయేది. ఆ తేడా కప్పిపుచ్చడానికి డెవలపర్లు ఒక బ్రౌజర్‌కు అర్థం కాని విధంగా కోడ్ రాసి, ఇంకో బ్రౌజర్‌కు మాత్రం అసలు కొలత అందేలా ఎత్తులు వేశారు.

తమ లెక్కను సరిదిద్దుదామని మైక్రోసాఫ్ట్ అనుకున్నా చిక్కే, ఎందుకంటే ఆ తప్పు లెక్కను నమ్ముకుని రాసిన పేజీలు అప్పటికే బోలెడు. 2000 మార్చిలో మాకింటాష్ కోసం వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ఒక ఉపాయం చూపించింది. పేజీ మొదటి వరుసలో సరైన డాక్‌టైప్ ప్రకటన ఉంటే ప్రమాణం ప్రకారం లెక్కించు, లేకపోతే పాత అలవాటు ప్రకారమే చూపించు. మిగతా బ్రౌజర్లూ ఇదే దారి పట్టాయి. ఆ రెండు పద్ధతులూ ఇవాళ్టి బ్రౌజర్లలో ఇంకా బతికే ఉన్నాయి. ఇంకో వింత చూడండి. తర్వాతి కాలంలో సీఎస్ఎస్‌లోకి బాక్స్-సైజింగ్ అనే సదుపాయం వచ్చింది. ఖాళీనీ గీతనూ కలుపుకొనే పాత మైక్రోసాఫ్ట్ లెక్కే రోజువారీ పనికి సుఖమని ఇప్పుడు చాలామంది డెవలపర్లు ఫైలు మొదట్లోనే దాన్ని ఎంచుకుంటున్నారు. అంటే అప్పటి ప్రమాణం కన్నా మైక్రోసాఫ్ట్ ఆలోచనే మెరుగైనదై ఉండవచ్చు. అయినా నేను ప్రమాణం పక్షమే. కొలత అందరికీ ఒకటిగా ఉంటే, అది బాగా లేనప్పుడు అందరూ కలిసి మార్చుకోవచ్చు. మారుస్తూ పాత పేజీలను కాపాడుకోనూ వచ్చు.

2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చేసరికి పోరు ముగిసింది. విండోస్‌తో పాటే వచ్చే బ్రౌజర్ ముందు నెట్‌స్కేప్ నిలవలేకపోయింది. కొద్దికాలంలోనే ప్రపంచంలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మైక్రోసాఫ్ట్ బ్రౌజరే వాడుతున్న పరిస్థితి. ఆ తర్వాతి వెర్షన్ 7 ఎప్పుడొచ్చిందో తెలుసా? 2006 అక్టోబరులో. అయిదేళ్ల పాటు వెబ్ నిలిచిపోయింది. ప్రమాణాలు కాగితం మీద ముందుకు వెళ్తున్నా, అమలు చెయ్యాల్సినవాడికి తొందర లేదు. దక్షిణ కొరియాలో బ్యాంకు లావాదేవీల భద్రత యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ సాంకేతికతకు ముడిపడిపోయి, ఏళ్ల తరబడి వేరే బ్రౌజర్‌తో బ్యాంకు పని చేసుకోవడం అక్కడివారికి దుర్లభమైంది. మైక్రోసాఫ్ట్ చేసిన మేలూ చెప్పాలి. పేజీని మళ్లీ తెప్పించకుండా సర్వర్ నుంచి కొంచెం సమాచారం మాత్రమే తెచ్చుకునే ఏర్పాటు 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తోనే వచ్చింది. జీమెయిల్, గూగుల్ మ్యాప్స్ దాని మీదే నిలబడ్డాయి.

ఆ రోజుల దెబ్బ తెలుగువాళ్లకు ఇంకో రూపంలో తగిలింది. ప్రపంచ లిపులకు సంకేతాలు కేటాయించే యూనికోడ్ తొలి వెర్షన్ 1991లో వెలువడినప్పుడే అందులో తెలుగుకు చోటుంది. కానీ ఆ సంకేతాలను తెర మీద తెలుగు రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ సామాన్యుల కంప్యూటర్లలోకి రావడానికి ఏళ్లు పట్టింది. ‘స్త్రీ’ అన్న మాటనే తీసుకోండి. కంప్యూటర్ లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని వరుసగా అచ్చువేస్తే సరిపోదు. ఏది ఒత్తుగా కిందికి వెళ్లాలో, ఏది పక్కకు జరగాలో, గుడి దేని నెత్తిన కూర్చోవాలో లెక్క తేల్చి, ఫాంటులోని సరైన ముక్కలు ఎంచాలి. ఇంగ్లిష్‌కు అవసరం లేని ఈ పనిని షేపింగ్ అంటారు. అది సిద్ధంగా లేని కాలంలో పత్రికల సైట్లు సొంత ఫాంట్లు చేయించుకున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టిన ఫాంట్లు అవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాటిని దానంతట అదే దించుకుని తెలుగు చూపించేది. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ గుర్తుల కుప్ప కనిపించేది. ఒక పత్రిక వార్త నకలు తీసి ఇంకో చోట అతికిస్తే మళ్లీ అదే కుప్ప. సెర్చ్ ఇంజిన్‌లో తెలుగులో వెతికితే ఆ వార్త దొరికేది కాదు. ఆ ఏళ్లలో వెబ్‌లో పెట్టిన తెలుగులో ఎంత భాగం ఇప్పుడు చదవడానికి వీల్లేకుండా పడి ఉందో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఊరట కూడా బహిరంగ ప్రమాణాల వైపు నుంచే వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన ఫాంటును తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లో మొదలైంది. పత్రికల సొంత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌కు వచ్చింది. దాన్ని తెలుగువారే రాశారు. బ్రౌజర్ కోడ్ బాహాటంగా ఉండబట్టి, దానికి పొడిగింపు రాసే హక్కు అందరికీ ఉండబట్టి అది సాధ్యమైంది.

ఆ ఫైర్‌ఫాక్స్ పుట్టుక ఓడిపోయినవాళ్ల పట్టుదల ఫలితం. నెట్‌స్కేప్ 1998 మార్చి 31న తన బ్రౌజర్ కోడ్‌ను ప్రపంచానికి ఇచ్చేసింది. దాని నుంచి మొజిల్లా ప్రాజెక్టు వచ్చింది. పాత కోడ్ పనికిరాదని గెకో అనే కొత్త ఇంజిన్ వైపు మళ్లి, వెర్షన్ 1.0 చేరడానికి 2002 జూన్ దాకా తీసుకున్నారు. అందులోంచి తేలికైన బ్రౌజర్‌ను విడదీసి, పేరు రెండుసార్లు మార్చి, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదల చేశారు. ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన వచ్చింది. డబ్బు పెట్టింది మామూలు వాడకందార్లే. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3ను ఒక్క రోజులో 80 లక్షల సార్లకు పైగా దించుకుని గిన్నిస్ రికార్డు సృష్టించారు. ఒక సాఫ్ట్‌వేర్ విడుదల కోసం జనం అలా పండగలా ఎదురుచూడడం ఆ తర్వాత మళ్లీ చూడలేదు.

అంతే ముఖ్యమైన పని ఇంకొకటి నిశ్శబ్దంగా జరిగింది. డబ్ల్యూ త్రీ సీ అప్పుడు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 అనే కొత్త భాష తయారుచేస్తోంది. అది పాత హెచ్‌టీఎంఎల్‌తో పొసగదు, రాతలో చిన్న తప్పున్నా సహించదు. దీనికి ఒప్పుకోని ఆపిల్, మొజిల్లా, ఒపెరా సంస్థల వాళ్లు 2004 జూన్‌లో విడిగా వాట్‌డబ్ల్యూజీ అనే బృందం కట్టారు. సంపాదకుడు ఇయన్ హిక్సన్. వాళ్ల ఆలోచన ఇది: వెబ్‌లో తప్పుల్లేని పేజీ అరుదు. ఒకరు బోల్డ్ తెరిచి, లోపల ఇటాలిక్ తెరిచి, ఇటాలిక్ మూయకుండానే బోల్డ్ మూసేస్తారు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ప్రమాణంలో లేదు కాబట్టి ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా ఊహించేది. కొత్తవాళ్లు బ్రౌజర్ రాయాలంటే పెద్ద కంపెనీ ఊహలను కనిపెట్టి అనుకరించాలి. ఈ బృందం ఆ ఊహలన్నిటినీ పరీక్షించి, ఎంత చెడిపోయిన పేజీ వచ్చినా ఏ అక్షరం దగ్గర ఏం చెయ్యాలో అంచెలంచెలుగా రాసిపెట్టింది. అదే హెచ్‌టీఎంఎల్5కు పునాది. ఆ పద్ధతి 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4తో వచ్చింది, మిగతా బ్రౌజర్లూ దాన్ని అమలుచేశాయి. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పని 2009లోనే ఆపేశారు. తప్పులను కూడా అందరూ ఒకేలా చదివేలా చేసిన ఈ పనిని నేను బ్రౌజర్ చరిత్రలో అన్నిటికన్నా పైన పెడతాను.

2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వచ్చింది. 2010 నుంచి ఆరు వారాలకో విడుదల పెట్టింది. మరుసటి ఏడు ఫైర్‌ఫాక్స్ కూడా అదే బాట పట్టింది. 2021లో క్రోమ్ దాన్ని నాలుగు వారాలకు కుదించింది. కొత్త వెర్షన్ అంటే ఉలిక్కిపడే రోజులు పోయి, విడుదల విశేషాలు చదవడం నెలవారీ పని అయింది. కానీ వేగం కూడా పాత జబ్బును మోసుకొచ్చింది. ఇంకా ఖాయం కాని సదుపాయాలకు ముందు తమ ఇంజిన్ పేరు తగిలించి విడుదల చెయ్యడం అప్పటి రివాజు. ఐఫోన్, ఆండ్రాయిడ్‌లలో అప్పట్లో ఉన్నది వెబ్‌కిట్ ఇంజిన్ కాబట్టి చాలామంది వెబ్‌కిట్ పేరున్న రాతతోనే మొబైల్ పేజీలు ముగించేశారు. 2012లో ఒపెరా గత్యంతరం లేక తన బ్రౌజర్‌కు ఆ వెబ్‌కిట్ రాతలు నేర్పింది. 2013లో సొంత ఇంజిన్‌నే వదిలేసింది. 2016లో ఫైర్‌ఫాక్స్ కూడా వాటిని నేర్చుకోక తప్పలేదు.

ఆ అనుభవం నుంచి బుద్ధి తెచ్చుకుని చేసిన పని సీఎస్ఎస్ గ్రిడ్. పేజీని అడ్డువరుసలు నిలువువరుసలుగా విభజించే ఈ ఆలోచనను మొదట ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో పెట్టింది మైక్రోసాఫ్టే. తర్వాత ఏళ్ల పాటు మిగతా బ్రౌజర్లు దాన్ని మామూలు వాడకందార్ల కంటపడకుండా లోపలి మీట వెనక ఉంచి, లోపాలు దిద్దుకున్నాయి. బ్లూంబర్గ్ సంస్థ డబ్బిస్తే ఇగాలియా అనే చిన్న సంస్థ క్రోమ్, సఫారీల ఇంజిన్లలో దాన్ని రాసిపెట్టింది. 2017 మార్చిలో, ఆ ఒక్క నెలలోనే, ఫైర్‌ఫాక్స్ 52, క్రోమ్ 57, సఫారీ 10.1 మూడూ గ్రిడ్‌తో విడుదలయ్యాయి. ఏ పేరూ తగిలించని ఒకే రాత మూడింట్లోనూ పనిచేసింది. నేను చూసినంతలో నాకు అంత సంతోషం కలిగించిన విడుదలలు లేవు.

పాతదాన్ని కాపాడే విషయంలో ఎంత దూరం వెళ్తారో 2018లో తేలింది. జావాస్క్రిప్ట్‌లో జాబితాలను విప్పి చదును చేసే ‘ఫ్లాటెన్’ అనే సదుపాయం రావాల్సి ఉంది. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరుతో తనదొకటి ఎప్పుడో పెట్టుకుంది. కొత్తది వస్తే ఆ లైబ్రరీ మీద నిలిచిన పాత సైట్లు కొన్ని చెడిపోతాయని పరీక్షల్లో తెలిసింది. చివరికి జావాస్క్రిప్ట్ ప్రమాణాల కమిటీ ఆ కొత్త సదుపాయం పేరునే ‘ఫ్లాట్’ అని కుదించుకుంది.

అదే 2018 ఫిబ్రవరిలో తెలుగు పేరు ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. ‘జ్ఞా’లోని సంకేతాల మధ్య కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు చేరిన వరుస వస్తే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. చాలా పత్రికలు దాన్ని వింత వార్తగా రాశాయి. నాకు అందులో వింత కనిపించలేదు. కోట్లమంది రాసే లిపిని విడుదలకు ముందు తగినంత పరీక్షించలేదన్నదే అసలు వార్త.

ఇప్పుడు లోకంలో విస్తృతంగా వాడే ఇంజిన్లు మూడే: క్రోమ్‌లోని గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబరులో తన ఎడ్జ్ బ్రౌజర్ సొంత ఇంజిన్ వదిలి క్రోమ్ ఇంజిన్‌కు మారుతున్నట్టు ప్రకటించింది. బ్లింక్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, దాన్ని రాసేవాళ్లు సమర్థులు, ప్రమాణాల పనిలో ముందుండేదీ వాళ్లే. అందుకే ఇది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కాలం లాంటిది కాదని కొందరంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం: ఒక్క ఇంజిన్‌లో నడిస్తే చాలనుకునే పేజీలు పెరిగేకొద్దీ ఆ ఇంజిన్ చేసేదే ప్రమాణం అవుతుంది, దాని తప్పుతో సహా. కొత్త విడుదల రాగానే నేను ముందు చూసేది మూడు సంగతులు. ఈ సదుపాయానికి బహిరంగ ప్రమాణం ఉందా? రెండో ఇంజిన్‌వాళ్లు ఒప్పుకున్నారా? అందరూ పంచుకునే పరీక్షల్లో నెగ్గిందా? 2022 నుంచి ఇంజిన్ల సంస్థలు ఇంటరాప్ పేరుతో ఏటా కొన్ని సదుపాయాలు ఎంచుకుని తేడాలు పోగొట్టుకుంటున్నాయి. మంచి పని, ఇంకా పెరగాలి.

తెలుగు డెవలపర్లకు నాదొక మనవి. మీరు చేసిన పేజీని ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో కూడా తెరిచి చూడండి. అందులో ‘స్త్రీ’, ‘జ్ఞానం’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు పెట్టండి, వరుస చివర విరిగేటప్పుడు, మొదటి అక్షరం పెద్దదిగా వేసినప్పుడు ఒత్తు విడిపోతుందేమో గమనించండి. విడిపోతే సర్దుకుని ఊరుకోకండి, ఆ బ్రౌజర్ వాళ్లకు లోపం నివేదించండి. మూడు ఇంజిన్ల లోపాల జాబితాలూ అందరికీ తెరిచే ఉన్నాయి, డబ్ల్యూ త్రీ సీలో లిపుల అవసరాలు చూసే విభాగం కూడా అలాగే తెరిచి ఉంది. తెలుగు ఎలా కనిపించాలో చెప్పవలసినవాళ్లం మనమే.